అద్దె గొంతు

నేను చాలాసార్లు చచ్చాను. కత్తిపోటుకి చచ్చాను, తూటా తగిలి చచ్చాను, లారీ కింద పడ్డాను, విషం కలిపిన పాయసం తిన్నాను. ఒక సినిమాలో అయితే హీరో కోపంగా చూసినందుకే గుండె ఆగి పోయాను. బతికుండగా వేసిన వేషాలూ తక్కువేం కాదు. రౌడీ వెనకాల నిలబడే రౌడీని, లాఠీ ఊపుకుంటూ ఆలస్యంగా వచ్చే కానిస్టేబుల్ని, ఆపరేషన్ గది తలుపు తోసుకొచ్చి కళ్ళజోడు తీసి "సారీ" అనే డాక్టర్ని. టీవీ సీరియళ్ళు మొదలయ్యాక పని ఇంకా పెరిగింది. పొద్దున ఒక ఫ్లోర్లో పురోహితుణ్ణై పెళ్ళి చేయించి, మధ్యాహ్నం పక్క ఫ్లోర్లో జడ్జినై విడాకులిప్పించిన రోజులున్నాయి. టైటిల్సులో నా పేరు పడుతుంది గానీ, చదివేలోపు పైకి ఎగిరిపోతుంది.

అందుకే నా మొహం అందరికీ తెలుసు, నేనెవరో ఎవరికీ తెలియదు. మొన్నామధ్య మా కోటబొమ్మాళి స్టేషన్లో రైలు దిగితే ఒక పెద్దాయన ఆపాడు. "బాబూ, తవర్ని ఎక్కడో సూసినాను. గరివిడి ఫేక్టరీలో సెయ్యరూ?" అన్నాడు. కాదండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరైతే తవరి తమ్ముడు సేస్తాడు" అన్నాడు. నాకు తమ్ముడు లేడు. అయినా ఎండలో నిలబడి వాదించలేక, సేస్తాడని ఒప్పుకుని బయటపడ్డాను.

ఇంత నటనాజీవితంలోనూ ఒక చిన్న లోటు ఉండిపోయింది. నా గొంతు ఎవరూ వినలేదు.

దానికి కారణం నా మొదటి సినిమా. విలన్ కుడిభుజం వేషం. హీరోయిన్ని కుర్చీకి కట్టేస్తారు. నేను ఆవిడ చుట్టూ తిరిగి, "చూస్తున్నావా? చెప్పింది చేయకపోతే చంపేస్తాను" అనాలి. రాత్రంతా బట్టీ పట్టాను. తీరా కెమెరా తిరిగేసరికి నోట్లోంచి "సూస్తన్నావా? సెప్పింది సెయ్యకపోతే సంపేస్తాను" అని వచ్చింది. లైట్లు పట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచి అందరూ నవ్వారు. కుర్చీకి కట్టేసిన హీరోయిన్ కూడా నవ్వింది. డైరెక్టర్ మంచివాడే. భుజం మీద చెయ్యేసి, "నువ్వు చంపుతానంటే పక్కింట్లో పప్పు బదులడిగినట్టుందయ్యా. మొహం బావుంది. నోరు మాత్రం ఆడించు, మాట మేం పెట్టుకుంటాం" అన్నాడు. అప్పట్నుంచి ఇండస్ట్రీలో నేను నోరాడించేవాణ్ణి. మాటలన్నీ ఒక డబ్బింగు ఆర్టిస్టువి. ఆయనది కృష్ణా జిల్లా, గొంతు గుడిగంట. ఒకసారి స్టూడియో మెట్ల మీద ఎదురుపడితే, "సార్, తమరు మరీ అంత నోరు తెరవకండి, నాకు దవడలు నొప్పెడుతున్నాయి" అన్నాడు.

లోకానికి నా గొంతుతో పనిలేకపోయినా నాకు బాధ లేదు. బాధంతా అప్పతోనే వచ్చింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ తెల్లారకుండా పొలంలోకి దిగిపోయేది కాబట్టి నన్ను చంకనేసుకుని తిప్పింది అప్పే. నడక, మాట, ఈత, అబద్ధమాడటం అన్నీ తన దగ్గరే నేర్చుకున్నాను. దెబ్బ తగిలితే ఊళ్ళో పిల్లలందరూ ఓలమ్మో అనేవాళ్ళు. నేను ఓలప్పో అనేవాణ్ణి. ఆ కేక చెవిన పడితే అప్ప చేతిలో ఏ పనున్నా వదిలేసి పరిగెత్తుకొచ్చేది. వచ్చి, ముందు వీపు మీద ఒకటి తగిలించి, తర్వాత ఏమైందని అడిగేది.

అప్పని కోటబొమ్మాళిలోనే ఇచ్చారు. నా మొదటి సినిమా టీవీలో వస్తోందని తెలిసి జంతికలు వండి, వీధిలో వాళ్ళనందరినీ పిలిచింది. నేనూ వెళ్ళి ముందు వరసలో బావ పక్కన కూర్చున్నాను. నా సీను వచ్చింది. తెర మీద నేను నోరు తెరిచాను. గుడిగంట మోగింది.

అప్ప నావైపు తిరిగింది. "ఆడెవడ్రా, నీ నోట్లోంచి మాటాడతన్నాడు?"

డబ్బింగంటే ఏమిటో చెప్పాను. నాకు చ బదులు స వస్తుందని, అది సినిమాకి పనికిరాదని చెప్పాను.

"మనూరోలందరికీ స యే వస్తాది గదా. అంటే మనం ఆలకి కనబడొచ్చు గాని ఇనబడకూడదేటి?"

నేను జంతిక కొరికాను. అప్ప లేచి లోపలికి వెళ్తూ అందరి ముందూ తేల్చి చెప్పేసింది. "నీ గొంతు ఇనబడిన నాడు పిలు. అందాకా నీ బొమ్మలు నాను సూడను."

అప్ప మాటంటే మాటే. ఇన్నేళ్ళూ నేను వచ్చే సీరియల్ టైముకి పెరట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. పక్కింటావిడ "మీ తమ్ముడు కనబడ్డాడమ్మా" అంటే "మొకమే గదా" అనేది. బావ మాత్రం ఒక్క ఎపిసోడూ వదలడు. చూసినవన్నీ భోజనాల దగ్గర అప్పకి వార్తలు చదివినట్టు చదివేవాడు.

"నిన్న మీవోడు జడ్జీ అయినాడు."

"ఏటన్నాడు?"

"ఉరిశిచ్చ అన్నాడు."

"ఆడనలేదు. ఇంకెవుడో అన్నాడు."

బావ ఇవన్నీ ఫోన్లో చెబుతుంటే నవ్వుతూనే వినేవాణ్ణి గానీ లోపల గుచ్చుకునేది. నాకు అవార్డులక్కర్లేదు. పోస్టరు మీద బొమ్మ అక్కర్లేదు. అప్ప ఒక్కసారి టీవీ ముందు కూర్చుని నన్ను చూస్తే చాలనుకునేవాణ్ణి. అది చిన్న కోరికలాగే ఉంటుంది. తీరా చూస్తే నా చేతిలో లేనిది అదొక్కటే.

ఇలా ఉండగా మా సముద్రతీరం కథతో ఒక సీరియల్ మొదలుపెట్టారు. పాత్రలన్నీ మా యాసే మాట్లాడాలట. బెస్తపెద్ద వేషానికి నటుణ్ణి వెతుకుతున్నారంటే ఇక తిరుగులేదనుకుని వెళ్ళాను. అక్కడ యాస నేర్పే కుర్రవాడొకడున్నాడు. పట్నంలో పుట్టి పెరిగినవాడు. ప్రతి వాక్యం ముందు ఒక ఏటి, వెనక ఒక ఏటి పెట్టి రాసిన కాగితమిచ్చి చదవమన్నాడు. ముందూ వెనకా ఏట్ల మధ్య ఈదలేక, మా అప్పతో మాట్లాడినట్టు మాట్లాడి చూపించాను. అతను శ్రద్ధగా విన్నాడు. "బావుంది సార్. కానీ శ్రీకాకుళంలా లేదు" అన్నాడు. మాది ఆ జిల్లాయే బాబూ అన్నాను. "ఊరు వేరు సార్, యాస వేరు" అన్నాడు మర్యాదగా.

బెస్తపెద్ద వేషం ఒక తెనాలి ఆయనకి వెళ్ళింది. నాకు రెండో ఎపిసోడ్‌లో చచ్చిపోయే ఆయన తమ్ముడి వేషం ఇచ్చారు. ఒక్క డైలాగు కూడా లేదు.

కళింగపట్నం అని చెప్పి హైదరాబాద్ శివార్లలో లారీతో ఇసక పోయించారు. రెండు పడవలకి కొత్త రంగు వేశారు. ఎండుచేపల్ని బంతిపూల దండల్లా గుమ్మాలకి కట్టారు, పండగనుకున్నారు కాబోలు. నన్ను పొడిచేవాడు కొత్తవాడు, మహా ఉత్సాహవంతుడు. సినిమా కత్తికి మొన ఆనగానే పిడిలోకి దూరిపోతుంది. మొన బుద్ధిగానే లోపలికి పోయింది. పిడి మాత్రం పోవడానికి చోటులేక నా పక్కటెముకలో దిగింది.

"ఓలప్పో" అని అరిచి ఇసకలో పడ్డాను.

డైరెక్టర్ వచ్చి, "సార్, పోయేటప్పుడు అమ్మా అనాలి కదా, ఇదేంటి?" అన్నాడు. సరేనని మళ్ళీ చచ్చాను. మళ్ళీ మళ్ళీ చచ్చాను. ఎంత చచ్చినా ఆ అమ్మా నా నోటికి అతకలేదు. చివరికి ఆయన మానిటర్ చూసుకుని, "మొహం మొదటి టేక్‌లోనే బావుంది, అదే ఉంచుదాం. డబ్బింగులో అమ్మా వేసేద్దాం" అన్నాడు. ఇసక దులుపుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. నా నోట్లోంచి వచ్చిన ఒక్క నిజమైన కేక కూడా గుడిగంటకే పోతోంది.

నాలుగు రోజుల తర్వాత ఆ గుడిగంటే ఫోన్ చేశాడు. అమ్మా అంటే అతకడం లేదట. కేక చివర్న నా మూతి గుండ్రంగా ఉందట. పోనీ ఓలప్పో అందామని చూస్తే, డైరెక్టర్ విని, "ఇదేంటి, కత్తిపోటు తిన్నట్టు లేదు, అప్పులవాడు ఎదురైనట్టుంది" అన్నాడట. "ఇన్నాళ్ళూ మీ మాటలన్నీ నేను మోశాను సార్. ఈ ఒక్కటీ మీరే మోసుకోండి" అన్నాడు.

ఇండస్ట్రీకొచ్చిన ఇన్నాళ్ళకి మొదటిసారి డబ్బింగు గదిలో అడుగుపెట్టాను. చిన్న గది, ఒక మైకు, ఎదురుగా తెర మీద పొడిపించుకోబోతున్న నేను. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాను. పొడిచేవాడు లేకుండా నిలబడి చావడం నాకు చేతకాలేదు. అద్దం అవతల్నుంచి సౌండింజనీరు, "సార్, చావమంటే ప్రకటన చేస్తున్నారేంటి" అన్నాడు.

గుడిగంట నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "అసలెవరు సార్, ఈ అప్ప?"

చెప్పాను. చెబుతుంటే కాలవ గుర్తొచ్చింది. ఒకసారి గట్టు జారి వంశధార కాలవలో పడ్డాను. మునుగుతూ ఒకే ఒక్క కేక వేశాను. నోట్లో నీళ్ళు నిండి రెండోది రాలేదు. అప్ప ఆ ఒక్కదానికే ఎక్కడ్నుంచో వచ్చి దూకింది. జుట్టు పట్టి లాగింది. గట్టు మీద పడేసి కొట్టింది, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది.

తెర మీద కత్తి లేచింది. కళ్ళు మూసుకుని అప్పని పిలిచాను.

ఇంజనీరు అద్దం అవతల్నుంచి బొటనవేలు చూపించాడు. నాకు ఏడుపొచ్చింది. గుడిగంట నాకు మంచినీళ్ళిచ్చి, "ఈ గొంతు పెట్టుకుని నాకెందుకిచ్చారు సార్" అన్నాడు.

అయినా నమ్మకం లేదు. ఆఖరి నిమిషంలో కేక మీద సంగీతం పోసేస్తే దిక్కెవరు? అందుకే అప్పకి చెప్పలేదు. ఆ ఎపిసోడ్ వచ్చే సాయంత్రం బావకి మాత్రం ఫోన్ చేసి, "బావా, టీవీ సౌండు బాగా పెంచు. ఎందుకని అడక్కు" అన్నాను.

తర్వాత జరిగింది బావ చెప్పాడు. అప్ప అలవాటు ప్రకారం పెరట్లో కూర్చుని చేపలు తోముతోంది. ఇంట్లోంచి ఓలప్పో అని వినబడింది. చేతుల నిండా బూడిద, పొలుసులు, అలాగే లోపలికి పరిగెత్తుకొచ్చింది. టీవీ వైపు చూడనేలేదట. గదిలో చూసింది, తలుపు వెనక చూసింది, వంగి మంచం కింద కూడా చూసింది.

"ఆడెక్కడ? ఎప్పుడొచ్చినాడు? ఏటయ్యింది ఆడికి?"

బావ టీవీ వైపు చెయ్యి చూపించాడు. లారీ ఇసకలో వెల్లకిలా పడున్నాను. అప్ప మంచం పక్కనే నిలబడిపోయింది. నన్ను పడవ మీద పెట్టి, తెనాలి ఆయన గుండెలు బాదుకుని, ప్రకటనలొచ్చేదాకా అలాగే నిలబడి చూసిందట.

ఇక్కడ నా ఫోన్ మోగింది.

"ఒరే, పిలిసినావేటి?"

"పిలిసినానప్పా."

"ఏటయ్యింది?"

"ఏటీ లేదు. సచ్చిపోనాను."

ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "నీ గొంతే గదా అది?"

"నాదే."

"నాకు తెల్దేటి. సేపలు పెరట్లో ఒగ్గేసి పరిగెట్టొచ్చినాను. పిల్లి అట్టుకుపోనాది." ఇంకోసారి ముక్కు చీదింది. "రేపుంటావా అందులో?"

"ఉండనప్పా. సచ్చిపోనాను గదా."

"మరైతే ఇంకోదాన్లో సావురా, బేగి. సూస్తాను."