ఇరవై ఏడో పేజీ

మా రేమండ్ మామకి ఒకటే పిచ్చి. మేం ఆడే ఓడల యుద్ధం ఆటలో బోర్డు మీద సబ్‌మరీన్ కదులుతోందంటే ఇంట్లో ఏదీ చప్పుడు చేయకూడదు. ఫ్యాన్ కూడా.

మా ఊరు క్లాంగ్‌లో శనివారం మిట్టమధ్యాహ్నం ఫ్యాన్ ఆపితే మనిషి ఇడ్లీలా ఉడుకుతాడు. "ఏటి మామా ఇది?" అంటే, ప్లాస్టిక్ అట్ట వేసిన రూల్‌బుక్ పైకెత్తి, మలేసియాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి చెప్పేవాడు. "ఇరవై ఏడో పేజీలో ఉంది లా. సబ్‌మరీన్ కమాండర్ నోరు తెరిస్తే మిగతావోలు మూసుకోవాల."

ఒకసారి కుక్కర్ రెండో విజిల్‌కే పరిగెత్తి స్టవ్ ఆపేశాడు.

"నీ సబ్‌మరీన్‌ని నా పప్పు ఏటి సేసింది?" అంది సెలీనా అత్త.

"శత్రువుకి ఇనపడతాది."

ఆ రోజు అందరం పలుకు పప్పే తిన్నాం.

మా సబ్‌మరీన్ కమాండర్ జాక్వెలిన్ అక్క. గ్లవ్స్ ఫ్యాక్టరీలో పని, బుర్ర పాదరసం. ఈ ఏడు ఎలాగైనా కప్పు కొట్టాలని పంతం పట్టి పోటీలకి సైబర్‌జయ వెళ్లాం. వరసగా రెండేళ్లు అక్కడి సాఫ్ట్‌వేర్ టీమ్ చేతిలో ఒక్క ఓడ తేడాతో ఓడిపోయాం మరి.

ఫైనల్‌లో చివరి వంతు. వాళ్ల పెద్ద ఓడ పక్కన కాపలా డిస్ట్రాయర్ లేదు, ఎదురుగా మా సబ్‌మరీన్. అలాంటప్పుడు సబ్‌మరీన్ ముందు దెబ్బ కొట్టొచ్చు, లేదా మునిగి తప్పించుకోవచ్చు. ఏదో ఒకటి పాచిక వేయకముందే కమాండర్ నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆ హక్కు పోతుంది. కప్పు కూడా పోతుంది.

"దె..." అంది జాక్వెలిన్ అక్క. ఆగింది. "దె... దె..."

అక్కకి మాట తడబడుతుంది. తొందరపెడితే పూర్తిగా ఆగిపోతుంది.

"దెబ్బా, మునుగుడా? బేగి సెప్పు లా," అంటూ వాళ్ల కెప్టెన్ గోపాలకృష్ణ పాచిక వైపు చెయ్యి చాపాడు.

మామ లేచి వెళ్లి ఆ హాల్లో ఫ్యాన్ ఆపేశాడు.

"ఇదెక్కడి రూలు?" అన్నాడు గోపాలకృష్ణ.

"ఇరవై ఏడో పేజీ." మామ పుస్తకం తెరిచి, వేలు పెట్టి, తడుముకోకుండా గట్టిగా చదివాడు. ఆ గొంతుకి రిఫరీ కూడా నోరు మూసుకున్నాడు.

గోపాలకృష్ణ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరికీ చెమటలు. అక్క తాపీగా ఊపిరి పీల్చుకుంది.

"దె... దెబ్బ. ముందు దెబ్బ మాదే."

పాచిక మీద ఒకటి పడింది, అంటే దెబ్బ తగిలినట్టే. పెద్ద ఓడ మునిగింది.

అక్క కప్పుతో ఫోటోలు దిగుతుంటే నేను రూల్‌బుక్ తీశాను. ఇరవై నాలుగో పేజీతో సరి. మామ రూలంటూ వేలు పెట్టి గడగడా చదివింది వెనక అట్ట లోపలి వైపు. దాని మీద ఉన్నది ఆట బొమ్మలు పోతే రాయాల్సిన అడ్రసు. లెక్కేసుకుంటే, మామ ఫ్యాన్ ఆపడం మొదలెట్టింది అక్క మాతో ఆడడం మొదలెట్టిన వారమే.

"మామా, ఆ పేజీయే నేదు కదా?"

"సబ్‌మరీన్ రూలు లా. పైకి కనపడదు."

ఇంటికి చేరేసరికి గోపాలకృష్ణ మెసేజ్. ఆ రూలు బాగుందట, వాళ్ల టీమ్ కూడా పాటిస్తుందట, పేజీ ఫోటో పంపమన్నాడు. కూర్చుని ఇరవై ఏడో పేజీ నేనే టైప్ చేసి మామకి చూపించాను.

మామ రెండుసార్లు చదివాడు.

"ఫేను మాట మర్సిపోయినావు," అన్నాడు.