పెద్దసారు పేరు మీద నడిచిన ప్రోగ్రాం

ఆ రోజుల్లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలంటే ముందు చెప్పులు విప్పాలి. వరంగల్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీకంతటికీ ఉన్నది ఒకే ఒక్క యునిక్స్ మెషిన్. అది లోపల చల్లటి గదిలో ఉండేది, మేం పక్క హాల్లో టెర్మినళ్ల ముందు కూర్చునేవాళ్లం. ఎండాకాలంలో చదువు మీద ప్రేమ పొంగి అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ ఏసీ గాలి కోసం వచ్చేవాళ్లే (నేను మిగతా సగంలో ఉన్నానని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి). హాస్టల్లో ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు, ఎవరి ఊరు వాళ్ల పేరు. నా జతగాడు పరకాల, నేను కేసముద్రం. మా ప్రోగ్రాములకు కూడా ఆ పేర్లే పెట్టుకునేవాళ్లం.

నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పత్తి బండ్ల మీద. మా నాయిన పత్తి అమ్మడానికి కేసముద్రం మార్కెట్‌కు బండి కట్టుకుని పోయి, కాంటా దగ్గర వరసలో పొద్దుగూకేదాకా నిలబడేవాడు. కాంటాలు ఎన్ని ఉంటే ఏ బండి ఎంతసేపు ఆగాలో లెక్క కట్టే ప్రోగ్రాం రాశాను. రాయడమైతే రాశాను గానీ అది కూడా మా నాయిన బండిలాగే పొద్దంతా నడిచేది. వారంలోగా ఫలితం అచ్చు వేసి ఇవ్వకపోతే ఏడాది పోతుంది. మా నాయినేమో నేను అప్పటికే ఇంజనీరైపోయానని ఊరంతా చెప్పేశాడు.

అడ్డు మా ఆపరేటర్. టేపులు మోసుకుంటూ తిరుగుతాడని ఆయన్ని టేపన్న అనేవాళ్లం. విద్యార్థుల ప్రోగ్రాం ఏదైనా ఎక్కువసేపు నడిస్తే మెషిన్ అలసిపోతుందని ఆయన నమ్మకం. గంటకోసారి తెర మీద నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లన్నీ చూసేవాడు. "కేసముద్రం ఇంక నడుస్తాందా? సంపిన పో!" అని మీట నొక్కేవాడు. "అన్నా, జర ఆగరాదే, అయిపోవస్తాంది" అని బతిమాలితే, "నీదొక్కటేనా? అందరివి నడవద్దా?" అనేవాడు. ఇట్లా నా బండ్లు రోజూ దారి మధ్యలోనే చచ్చిపోయేవి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఉపాయం చెప్పింది పరకాల. ప్రోగ్రాం మొదలవగానే దాని పేరు మెమరీలో ఒకచోట రాసి ఉంటుందట. ప్రోగ్రామే ఆ చోట వేరే పేరు రాసేసుకుంటే తెర మీద ఆ కొత్త పేరే కనిపిస్తుందట. ఇంట్లో మనుషులు మారకుండా గుమ్మం మీది బోర్డు మార్చినట్టు. అందరం ఒకే లాగిన్ వాడేవాళ్లం కాబట్టి ఏది ఎవరిదో చెప్పడానికి ఆ పేరు తప్ప వేరే గుర్తు లేదు. "పెట్టేదేదో పెద్ద పేరే పెట్టుకో, ఎవ్వడు ముట్టడు" అన్నాడు. మా పెద్దసారు, అంటే శాఖ అధిపతి, హోదా పెట్టేశాను: హెచ్ఓడీ.

మర్నాడు టేపన్న తెర చూసి నిటారుగా అయ్యాడు. "పెద్దసారు పని నడుస్తాంది! ఎవ్వలు ముట్టద్దు. జర తోవ ఇయ్యున్రి" అని మిగతా ప్రోగ్రాములన్నీ వరసగా చంపేశాడు. అందులో పరకాలది కూడా పోయింది (వాడు నాతో రెండు పూటలు మాట్లాడలేదు).

ఇంతలో మట్టెవాడలోని ఇంటి నుంచి స్కూటర్ మీద పెద్దసారు రానే వచ్చారు. ఆయన జీవితమంతా మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చెప్పి, కొత్తగా కంప్యూటర్లకు పెద్ద అయినవారు. కీబోర్డు ముట్టుకోగా ఎవరూ చూడలేదు. టేపన్న ఎదురెళ్లి, "సార్, మీ పని పొద్దటి సంది మంచిగ నడుస్తాంది" అన్నాడు. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తనకు అలాంటి పనేదీ లేదంటే, ఆయనకు కంప్యూటర్‌తో ఏ పనీ లేదని అందరికీ తెలిసిపోతుంది. "ఆఁ... నడవనీయి" అన్నారు.

ఆ సాయంత్రమే కరెంటు పోయి నా లెక్క మళ్లీ మొదటికొచ్చింది. మర్నాడే కాలేజీకి ఇంకో కొత్త మెషిన్ వచ్చింది. "సార్ పని దీని మీద ఎక్కియ్యి, జల్ది అయితది. నీకు ఎక్కిచ్చుడు తెలుసుగద" అని టేపన్న నాకే అప్పజెప్పాడు. సంతోషంగా ఎక్కించాను. అదీ యునిక్సే గానీ, అన్నదమ్ములు వేరు పడ్డాక ఎవరి పద్ధతి వాళ్లదే కదా. ప్రోగ్రాం మొదలైనప్పుడు విన్న పేరునే అది విడిగా రాసిపెట్టుకుంటుంది, తర్వాత మనం ఎంత చెరిపి రాసుకున్నా ససేమిరా అంటుంది. ఆ సంగతి నాకు హైదరాబాద్ నుంచి మెషిన్ చూడటానికొచ్చిన అతిథి ఎదుటే తెలిసింది.

"ఇగో, ఇది మా సార్ రీసెర్చి" అంటూ టేపన్న గర్వంగా మీట నొక్కాడు. తెర మీద హెచ్ఓడీ లేదు. కేసముద్రం ఉంది.

అందరూ తెర వంక చూశారు. పెద్దసారు తెర మానేసి నా వంక చూశారు. నా ప్రాజెక్టు కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. "కేసముద్రం మార్కెట్ మీద మా శాఖ చేస్తున్న పని. పిలగాడు చెప్తడు, వినున్రి" అన్నారాయన తొణక్కుండా. చెప్పాను. నాయిన గురించి, బండ్ల గురించి, నాకే తెలియని ధైర్యంతో చెప్పాను. అతిథి వెళ్లాక పెద్దసారు టేపన్నను పిలిచి, "ఈ కేసముద్రం అయ్యేదాంక ఎవ్వలు సంపద్దు" అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. ప్రాజెక్టు టైముకి ఇచ్చాను.

కానీ పరకాల నోరు ఊరుకోదు, ఉపాయం హాస్టలంతా పాకింది. పెద్దసారు సెలవులో ఉన్న రోజు పాత మెషిన్ తెర మీద వరసగా నాలుగు హెచ్ఓడీలు. "సారు ఒక్కడైతె పనులు నాలుగా? ఇగ ఆ పేరు కనవడితె సంపుడే!" అని టేపన్న ఒట్టు పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు పెద్దసారు నన్ను గదికి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. ఇప్పుడు అడుగుతారనుకుని చేతులు కట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "ఆనాటి సంది సిగ్గయి, పొద్దుగాల్నే వచ్చి నేర్చుకుంటున్ననయ్యా. ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ఒకటి రాసిన. హెచ్ఓడీ అని నా పేరే పెట్టుకున్న. మన ఆపరేటరు రెండు సార్లు సంపిండు" అన్నారు.

"టేపన్నకు చెప్పరాదుండ్రి సార్?"

"ఇది నిజంగ నాదే అని చెప్తే, మరి మొన్నటిది మీది కాదా సార్ అంటడు." ఆయన నవ్వారు. "కేసముద్రాన్ని ఎవ్వడు ముట్టుకుంటలేడట గద. జర నీ పేరు ఇస్తవా?"

ఇచ్చాను. తర్వాత ఉద్యోగాల్లో ఎన్నో రకాల మెషిన్లు చూశాను. కొన్ని అడిగీ అడగ్గానే పేరు మారుస్తాయి, కొన్ని ముక్క మాత్రమే మారుస్తాయి, కొన్ని చస్తే మార్చవు. నా పేరు ముందు కూడా హోదాలు చాలానే చేరాయి. ఏదీ పెద్దగా పనికి రాలేదు. ఆ ఎండాకాలం మాత్రం తలుపు సందులోంచి చూస్తే, తెల్లజుట్టు పెద్దాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుండేవారు. టేపన్న తెర చూసి, "కేసముద్రం పోరడు బాగ కష్టపడుతాండు" అని మెచ్చుకుంటూ పోయేవాడు.