ఇలకూర కింది ఆకులు

1964లో నన్ను అనకాపల్లిలోని ఒక నేల పరీక్షల ప్రయోగశాలకు సహాయ రసాయనికుడిగా వేశారు. రైతులు తెచ్చిన మట్టిలో ఉప్పెంత ఉందో, పులుపెంత ఉందో చూసి, చెరుకుకు ఏ ఎరువు వెయ్యాలో చెప్పడం మా పని. చెరుకు ఆకును కూడా పరీక్షించేవాళ్ళం. దానికొక కట్టుబాటు ఉండేది: పైనుంచి మూడో ఆకే కొయ్యాలి. ముదురాకు పట్టుకెళితే మా అధికారి ముట్టుకునేవారు కాదు.

మరుసటి ఏడు మునగపాక వైపు నుంచి అప్పలనాయుడు అనే రైతు వచ్చాడు. అతనిది పల్లపు పొలం, మొదటి నుంచీ ఉప్పు పేరుకునేదే. ఎగువన కొత్తగా ఇత్తడి గిన్నెల షెడ్డు పెట్టారు. గిన్నెలను యాసిడ్‌లో ముంచి కడిగిన నీళ్ళు కాలువలో పడి ఈ పొలంలోకే చేరుతున్నాయి. వెళ్ళి చూశాను. చెరుకు పసుపెక్కి ఎండిపోయింది. మధ్యలో ఇలకూర మాత్రం గుబురుగా ఉంది. ఉప్పు నేలల్లో మొలిచే, కండగల సన్నాకుల మొక్క అది.

“సెరుకు సచ్చింది గానీ దీన్ని సూడండి బాబూ, అత్తారింటికొచ్చిన అల్లుడిలా బలిసిపోనాది,” అన్నాడు.

వాళ్ళమ్మ సన్యాసమ్మ ఆ కూరనే పప్పులో వేసేది. ఆకులోనే ఉప్పుంటుంది కనక వేరే వెయ్యదు. కోడలికి నెలలు నిండుతున్నాయి.

“మీ మందులూ మాకులూ మాకేటి తెలుస్తాయి గానీ బాబూ, ఇది తినొచ్చా, మానీమంతావా? అది సెప్పు సాలు,” అంది సన్యాసమ్మ.

ఇత్తడిలో ఉండేది ఎక్కువగా రాగే కనక, ఆ పొలం మట్టిలో దానికోసం చూశాను. మట్టిలో రాగి ఉంటే, మేము కలిపే రసాయనంతో ద్రావణం పసుపు తిరుగుతుంది; రాగి పెరిగేకొద్దీ గోధుమరంగులోకి ముదురుతుంది. ఈ మట్టికి ముదురు గోధుమరంగే వచ్చింది. ఇంత రాగిలో ఆ మొక్క ఎలా బతుకుతోంది? ఆ ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు. మళ్ళీ వెళ్ళి వేళ్ళు తవ్వాను; చెరుకు అలవాటుకొద్దీ కొసల నుంచి లేతాకులు కోశాను. వేళ్ళలో రాగి దండిగా ఉంది, ఆకుల్లో దాదాపు లేదు. వేళ్ళే దాన్ని కింద బంధించి ఉంచుతున్నాయని సంబరపడి, తినొచ్చని కబురు పంపాను.

కొన్నాళ్ళకు మరిన్ని వేళ్ళ కోసం వెళితే సన్యాసమ్మ కూర కోస్తోంది. పైన ఉన్న పచ్చటి ఆకులు వదిలేసి, వంగి, కాడ మొదట్లో ఎర్రబారిన ముదురాకులే దూస్తోంది. ఎందుకని అడిగాను.

“ఎర్రాకులో గదా ఉప్పుండేది. లేతాకేత్తే పప్పు సప్పగుంటాది,” అంది.

ఆ ఎర్రాకులు తెచ్చి పరీక్షించాను. గోధుమరంగు వచ్చింది. మొక్క ఉపాయం అప్పుడు బోధపడింది. ఎక్కువైన ఉప్పును అది ముసలి ఆకుల్లోకి నెట్టి, ఆ ఆకులను రాల్చేస్తుంది. వేరు ఆపలేని రాగినీ ఆ దారినే పంపుతోంది. మొక్క పారేసేదాన్ని ఆ ఇల్లు వండుకుంటోంది.

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పవలసింది. ఇంకోసారి పరీక్షిద్దామని ఆగాను. అది జాగ్రత్త అనుకున్నాను. నిజానికి అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ. ఆ వారమంతా వాళ్ళు ఆ పప్పే తిన్నారు.

చివరికి వెళ్ళేసరికి భోజనాలవుతున్నాయి. విషయం చెప్పాను. కోడలు కంచం పక్కకు జరిపేసింది.

“ఏటి బాబూ, మొన్న తినమన్నావు, ఇయ్యాల వొద్దంతన్నావు. రేపేటంతావు?” అంది సన్యాసమ్మ.

“ఊరుకోయే అమ్మా, సెప్పడానికే గదా వచ్చేడు,” అన్నాడు అప్పలనాయుడు.

నేను కోసిన ఆకు వేరు, మీరు తినే ఆకు వేరు, తప్పు నాదేనన్నాను. వారం ఆలస్యం చేశానని మాత్రం అనలేకపోయాను. కాన్పు క్షేమంగానే జరిగింది. అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు.

ఆ తరవాత ఎవరు ఏ మొక్క తెచ్చినా, కత్తెర తీసేముందు ఇందులో ఏ భాగం తింటారని అడిగేవాణ్ణి. చెరుకు ఆకలి తెలుసుకోవడానికి మూడో ఆకు సరైనదే. మనిషి తిండిని పరీక్షించేటప్పుడు మాత్రం వండే మనిషి దూసిన ఆకే తీసుకోవాలి. ఫలితం చెడ్డదైతే, రెండో పరీక్ష కోసం ఆగకుండా ముందు ఆ ఇంటికి వెళ్ళాలి.