మొగలి సెంటు కొట్టిన ప్లాస్టిక్ జడ

ఎల్లుండే మా మేనకోడలి పెళ్లి. పూల కోసం ఇవాళ నేనూ, అదీ పలాస వెళ్లాం. పెళ్లికూతురి జడకి మొగలిరేకులు కావాలంటే, డెకరేషన్ అతను ప్లాస్టిక్ జడ తీసి, దానిమీద బుస్సుమని సెంటు కొట్టి, "మొగలి వాసనే మేడం, సూడండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది!

మన ఈడు ఉద్దానం ఆడపిల్లలూ, మీరే చెప్పండి. శ్రావణంలో పెళ్లంటే మన మామ్మలు కర్రకి కొడవలి కట్టుకుని ఇసక దిబ్బల్లోకి బయల్దేరేవారు కాదూ? వెనకాల మనం. మా మామ్మ రేకుల ముళ్లు గీకి, మడిచి, జడకి కుట్టేది. మిగిలినవి చీరల పెట్టెలో వేసేది. ఎప్పుడు మూత తీసినా పెళ్లివాసనే. "సేతులు గీరుకోకుండా మొగలిపువ్వు రాదే పిల్లా" అనేది.

మా మేనకోడలు ఆ ప్లాస్టిక్ జడ వాసన చూసి, "బాగుంది కదత్తా! అసలుది కూడా ఇలాగే ఉంటాదా?" అంది.

మొగలి పొదల పక్కన పుట్టిన పిల్ల అడగాల్సిన మాటేనా ఇది? కానీ దాన్ని ఏమని తిట్టను? దిబ్బల్లోకి ఒక్కనాడైనా తీసుకెళ్లనిది నేనే కదా!

కర్రకి కొడవలి కట్టేశాను. రేపు పొద్దున్నే మేనకోడల్ని తీసుకుని దిబ్బల్లోకి వెళ్తున్నా. పెళ్లి ఫొటోల్లో మా ఇద్దరి చేతులమీదా గీతలుంటాయి. ఎవరూ ఎడిట్ చెయ్యొద్దు.