అవ్వ పాటలు మింగిన ఎకో పెట్టె

మా చిన్నప్పుడు కర్ణాటకలోని చింతామణిలో గిటారు వాయించడం రాకపోయినా పరవాలేదు... ఎకో పెట్టె ఒకటుంటే చాలు, పెద్ద కళాకారుడే!

మా చిన్నాయన అలాంటి కళాకారుడే. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. చేతికి వచ్చినవి నాలుగు పాటలు, వాటిలోనూ రెండు సగం సగం. ఒకసారి బెంగళూరు నుంచి ఎవరో వాడి వదిలేసిన ఎకో పెట్టె తెచ్చుకున్నాడు. అందులో రెండు మూరల టేపు, కొసలు అతికించి, గుండ్రంగా తిరుగుతూ ఉండేది. తీగ ఒక్కసారి మీటితే చాలు, టేపు దాన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ వినిపించేది... టంగ్... టంగ్... టంగ్... ఒక తప్పు వాయిస్తే నాలుగు తప్పులు వినబడేవి. జనం మాత్రం చప్పట్లే చప్పట్లు!

"గుహలో వాయించినట్టు ఉండాదప్పా!" అని మెచ్చుకునేవారు. గుహలో కూర్చుని గిటారు విన్నవాడు మా తాలూకాలో ఎవడున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ టేపు నాలుగు పెళ్ళిళ్ళకే అరిగిపోయేది. అరిగితే పాటంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది, చిన్నాయనకు తల కొట్టేసినట్టయ్యేది. బాగేపల్లిలో ఒక పెద్ద పెళ్ళికి ఒప్పుకున్నాక, సరిగ్గా ముందురోజు టేపు తెగింది. కొత్తది కావాలంటే బెంగళూరు పోవాలి. ఎకో లేకుండానే వాయించవచ్చు కదా అంటారేమో... ఆ మాట ఆయనతో అని చూడాల్సింది! ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, ఆయన వాయింపులో లోపమంతా టేపుదే.

"ఎకో లేకుంటే నా పరువు పోతాది" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నా తెలివి తెల్లారినట్టే ఉండేది. "అవ్వ టేపు ఉండాది గదా చిన్నాయనా!" అన్నాను.

అవ్వ పుట్టిన ఊరు మిట్టేమరి. పసుపు దంచే పాటలు, నలుగు పాటలు, పెళ్ళికూతుర్ని సాగనంపే పాటలు... అవ్వకు రాని పాట లేదు. చింతపండు వ్యాపారం చేసే మా తాత ఎప్పుడో ముచ్చటపడి స్పూల్ టేపురికార్డరు కొని, అవ్వను ఎదురుగా కూర్చోబెట్టి అవన్నీ పాడించాడు. టేపు చుట్టిన చక్రం మీద "అవ్వ పాటలు" అని కన్నడ అక్షరాల్లో రాసి అంటించాడు. తాత పోయాడు, రికార్డరూ చెడిపోయింది. చక్రం మాత్రం ట్రంకుపెట్టెలో చీరల కింద ఉండేది.

చిన్నాయన ఒక నిమిషం వెనకాడాడు... ఆ ఒక్క నిమిషానికైనా ఆయనకు పుణ్యం రావాలి. అవ్వనే అడిగాడు. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అవ్వ నవ్వేసింది.

"నేను బతికే ఉండాను గదరా! నా గొంతు ట్రంకులో ఎందుకు? కోసుకో పో."

మల్లెపూలు కొలిచినట్టు మోచేతితో కొలిచి, నేను కొస పట్టుకుంటే చిన్నాయన కోశాడు.

మరుసటి రోజు బాగేపల్లి పెళ్ళిలో స్విచ్చి వేయగానే, గిటారు కంటే ముందు స్పీకరులోంచి అవ్వ గొంతు వచ్చింది. పాట కాదు... ఏదో మాటలో సగం, అంతే. చిన్నాయన తీగ మీటగానే అది చెరిగిపోయి టంగు టంగులు మొదలయ్యాయి. ముందు వరుసలో కూర్చున్న అవ్వ పక్కావిడను పొడిచి, "అది నేనేనమ్మా!" అని మురిసిపోయింది.

ఇంట్లో పిల్లలం, మాకు అదొక ఆట అయింది. కొత్త ముక్క వేసినప్పుడల్లా అవ్వ సగం మాట ఒకటి వినబడేది, చెరిగిపోయేది... మేం పకపకా నవ్వేవాళ్ళం. గుడిబండె ఆర్కెస్ట్రావాడు వచ్చి కొంత పట్టుకుపోయాడు. కెంచార్లహళ్ళివాడూ వచ్చాడు. చిన్నాయన అడిగినవాళ్ళకల్లా ధారాళంగా ఇచ్చాడు, తన గొంతు కాదు కదా! నాలుగేళ్ళలో చక్రం ఖాళీ అయింది.

ఆ తర్వాత అవ్వ పోయింది. మా అక్క పెళ్ళికి పసుపు దంచుతూ ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు... "కొత్త రోటిలోన పసుపు పోసేరమ్మా..." రెండో చరణం దగ్గర ఆగిపోయారు.

"ఆపైన ఎట్లమ్మా?" అని ఒకరు.

"అత్తకు తెలుసు" అని మా అమ్మ. అంతే, ఇక ఉత్త రోకళ్ళ చప్పుడే.

చిన్నాయన గబగబా లోపలికి పోయి ట్రంకు తెరిచాడు... ఏముంటుందని? ఖాళీ చక్రం చేత పట్టుకుని, "ఒక్క మూరన్నా దాచుకోకపోతిమే తల్లీ" అని ఏడ్చాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. నా మీదా కలగలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే... పోయిన వారం మా అక్క కొడుకు చిక్కబళ్ళాపురం నుంచి గిటారుతో దిగాడు. చేతిలో అరచేయంత పెట్టె. అందులో టేపూ లేదు, చక్రమూ లేదు... కానీ టేపు ఎకోనే అట!

"టేపు అరిగిపోయినట్టు వినిపించేదానికి దీంట్లో వేరే బటన్ ఉండాది చిన్నమ్మా. ఆ వణుకే దీని అందం."

విన్నారా! మేం ఏ వణుకుకు సిగ్గుపడి అవ్వ గొంతును మూరలు మూరలుగా కోసి పారేశామో, ఆ వణుకు కోసం ఈ మహానుభావులు బటన్ కనిపెట్టారు. ఏ పెట్టె అచ్చం అరిగిన టేపులా వినిపిస్తుందో తేల్చుకోవడానికి వీడూ వీడి స్నేహితులూ గంటలకొద్దీ వీడియోలు చూస్తారట. వాయించేది మాత్రం అవే మూడు తీగలు.

"అది ఆపేసి వాయించరా" అన్నాను.

"ఆపితే బోసిగా ఉంటాది చిన్నమ్మా" అన్నాడు. చిన్నాయన కూడా అచ్చం ఇట్లాగే అనేవాడు.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ గొంతును పట్టి దాచే ఫోను ఉంది... పసుపు దంచి పాడేవాళ్ళే లేరు, పొట్లం అంగడి నుంచి వస్తోంది. మిట్టేమరి వైపు వాళ్ళెవరికైనా ఆ పాట రెండో చరణం గుర్తుంటే, దయచేసి పాడి పంపండి. గొంతు బాగాలేదని సిగ్గుపడకండి... ఎకో మాత్రం పెట్టకండి.