నల్లపొడి, ఎర్రలైటు

2006 జూన్‌లో గద్వాలలోని ఒక ట్రస్టు దవాఖానలో దంతవైద్యురాలిగా చేరాను. నాపైన ఒక సీనియర్ సర్జన్ ఉండేవారు. ఆ నెలలోనే ఆయన హైదరాబాద్ నుంచి లేజర్ పెన్ను తెప్పించారు. దాని మొన నుంచి ఎర్రటి కాంతి పంటి మీద పడుతుంది. పుచ్చిన చోటు ఆ కాంతికి తిరిగి మెరుస్తుంది. యంత్రం ఆ మెరుపును అంకెగా చూపి, కూత పెడుతుంది. అంకె ముప్పై దాటితే లోపల పుచ్చు ఉందేమోనని అనుమానించాలి. అనుమానించాలి అన్నాను, డ్రిల్లు పట్టాలి అనలేదు. ఈ తేడా మీదే మా ఇద్దరికీ రోజూ పేచీ.

ఒకరోజు మల్దకల్ నుంచి బాలమ్మ వచ్చింది. ఎడమవైపు దవడపళ్లు ఎప్పుడో పోయాయి. కుడివైపు కింద మిగిలిన రెండింటితోనే జొన్నరొట్టె నమిలేది. అవైనా ఉంటాయో లేదో చూపించుకుందామని వచ్చింది. నేను అద్దం పెట్టి చూసి, రెండూ బాగున్నాయని కేసుషీటులో రాసేశాను. సర్జన్ వచ్చి మొదటి పంటి మీద పెన్ను పెట్టగానే అది కీచుమంది. డెబ్బై రెండు! డ్రిల్లు సిద్ధం చేయమన్నారు.

“నొయ్యని పన్నుకు బొక్క ఎందుకు సారూ?” అంది బాలమ్మ.

నేను ఊరుకుంటానా? ఆమె రోజూ పొగాకు నల్లపొడితో పళ్లు తోముతుంది. పంటి గాడుల్లో అది పేరుకుపోయింది. మరకలకూ యంత్రం అలాగే కూస్తుందని అందరి ముందే వాదించాను.

“మాటలెందుకు మేడం, తోమి చూపియ్యండి,” అన్నారాయన.

తోమాను, కడిగాను, గాలితో ఆరబెట్టాను. మళ్లీ పెడితే తొమ్మిది. “మరి డ్రిల్లు తిరిగి పెట్టెలో పెట్టేద్దామా సార్?” అని దెప్పాను కూడా. ఆయన పెన్నును పక్క పంటి మీదికి జరిపారు. నలభై ఆరు. దాన్నీ తోమాను. నలభై ఆరే. ఇంకోసారి తోమబోతే బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“పన్ను అరుగుతది బిడ్డా!”

ఎక్స్‌రేలో సన్నటి నీడ కనిపించింది. డ్రిల్లు నేనే పట్టాను. పైన ఎనామిల్ చెక్కుచెదరలేదు. కింద మాత్రం గోధుమరంగులో మెత్తబడి ఉంది. నరం దాకా పోలేదు కాబట్టి చిన్న ఫిల్లింగుతో పన్ను దక్కింది. రేపటిదాకా ఈ పక్క నమలొద్దని చెప్పాను.

“ఇంకో పక్క ఏడున్నదమ్మా నాకు?” అంది. సర్జన్ పగలబడి నవ్వారు. చివరికి నేనూ నవ్వాను.

మురికి పంటి మీద యంత్రాన్ని నమ్మకూడదు; శుభ్రమైన పంటి మీద నా కన్ను ఒక్కదాన్నే నమ్మకూడదు. మొదటిది నాకు ముందే తెలుసు. రెండోది ఒప్పుకోవడానికి ఆయన ఎదురుగా డ్రిల్లు పట్టాల్సి వచ్చింది.