రెండో గుంజుకు వెలిగిన ఫ్లాష్

చేతికి తగిలిన నిజానికి విలువ లేని కాలం వచ్చింది. కోపంలో రాసిన వాక్యమే ఇది, అయినా కొట్టివేయను. మా తమ్ముడి కూతురు నదిలో మునిగి, వంతెన మూడో స్తంభం పాదాన్ని జానెడు జానెడుగా తడిమి, పైకి వచ్చి చెప్పింది: "ఇక్కడ బీట ఉంది సార్. నా వేళ్లు లోపలికి దూరుతున్నాయి." వంతెన ఇంజనీరు మర్యాదగా విన్నాడు. "ఉండొచ్చమ్మా. కానీ మీ వేళ్లను నా పైవాళ్లకు పంపలేను కదా. శనివారంలోగా ఫొటో తీసుకురండి" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవలసి రావడమే నా కోపానికి అసలు కారణం.

అమ్మాయిని ఇంట్లో అందరం నీటికోడి అంటాము. చిన్నతనంలో బకెట్టులో తల ముంచి, ఊపిరి బిగబట్టి, ఇంటిల్లిపాదినీ హడలెత్తించేది. పెద్దయ్యాక అదే విద్య అన్నం పెట్టింది. పడవలు బాగుచేసే చోట చాలా ఏళ్లు నీటి అడుగున ఉండి, పడవల పొట్టలకు పట్టిన నాచునూ గుల్లలనూ గీకింది. అక్కడి మేస్త్రీ చేత ఆమె పడిన మాటలు రాయడం మొదలుపెడితే ఈ రచన దారి తప్పుతుంది. వంతెన పరీక్ష ఆమె పేరు మీద వచ్చిన మొదటి పని. శనివారంలోగా ఫొటో ఇవ్వలేకపోతే ఆ పని మరో బృందానికి పోతుంది. ఆమె మళ్లీ గీకుడుపార పట్టుకోవాలి.

ఆమె మునిగినప్పుడు పడవలో కూర్చుని తాడు పట్టేది ఆమె భర్త. మట్టినీటిలో కంటికి పని లేదు, నోటికి అసలే లేదు. మాటలన్నీ తాడుతోనే నడవాలి. అందులో ఒక కట్టుబాటు ఉంది. మొదటి గుంజుకు 'విను' అని మాత్రమే అర్థం. పైనున్నవాడు బదులుగా ఒకసారి గుంజి ఊరుకోవాలి. చెప్పదలచుకున్నది ఆ తరువాతి గుంజులో వస్తుంది. ఈ నియమం అల్లుడి ఒంటికి పట్టడానికి కొంత సమయం పట్టింది.

"పెళ్లయిన కొత్తలో మొదటి గుంజుకే నన్ను బావిలో చేదలా తోడేశాడు పెదనాన్నా" అని ఆమె ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది.

"ప్రేమ" అంటాడతను.

"ప్రేమ కాదు, కంగారు."

కెమెరా ఆమెకు ముందే ఉంది, నీరు చొరని పెట్టెతో సహా. అయితే మట్టినీటిలో కెమెరా సొంత ఫ్లాష్ వేస్తే, పొగమంచులో లారీ దీపాలు వేసినట్లు, ఎదుట తేలే నలుసులే తెల్లగా మెరుస్తాయి. వెనక ఉన్నది కనిపించదు. అందుకని స్ట్రోబు కొన్నది. అది కెమెరాకు పక్కగా, ఒక కడ్డీ చివర నిలిచే పెద్ద ఫ్లాష్. కెమెరా సొంత ఫ్లాష్ వెలుగు బయటికి పోకుండా పెట్టెకు నల్లటి మూత ఉంటుంది. ఆ వెలుగు సన్నని గాజుతీగ గుండా స్ట్రోబుకు చేరి, వెలగమని కబురు చెబుతుంది. వినడానికి ఎంత సులువు!

మొదటి రోజు ఆమె నీటిలో ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ స్ట్రోబు వెలిగింది. ఆమె కళ్లారా చూసింది. పైకి వచ్చి చూస్తే ఫొటోలన్నీ కటిక నలుపు.

"బొగ్గుల బస్తాలో దూరి తీశావా?" అన్నాడు భర్త.

"నువ్వు తాడు పట్టు. బొగ్గు సంగతి నేను చూసుకుంటా."

శుక్రవారం మధ్యాహ్నం మా మరదలి కుట్టుగదిలో విచారణ పెట్టాము. మరదలు, అంటే నీటికోడి తల్లి, దర్జీ పని చేస్తుంది. తెరలు దించి, టబ్బు నిండా నీళ్లు పోసి, అడుగున ఆమె డబ్బాలోంచి ఒక నీలం బొత్తాం వేసి, పెట్టెలోని కెమెరాను ముంచి నొక్కారు. స్ట్రోబు వెలుగుకు గోడ మీది కొలతల టేపులో అంకెలు కూడా కనిపించాయి. ఫొటో మాత్రం మళ్లీ నలుపే.

"వెలిగింది" అన్నాడు అల్లుడు.

"నేనూ చూశాను" అన్నది మరదలు.

"ఇంతమంది చూసినది కెమెరా ఎందుకు చూడదు?" అన్నాను నేను.

స్ట్రోబుతో వచ్చిన పుస్తకం, రసీదు, అట్టపెట్టె, ఆఖరికి పెట్టెలోని తేమ పీల్చే పొట్లం కూడా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పుస్తకాన్ని మొదటి నుండి చివరి దాకా పైకి చదివాను. 'తగిన అమరికను ఎంచుకొనవలెను' అని ఉంది. ఏది తగినదో చెప్పే బాధ్యత మాత్రం రాసినవాడు తీసుకోలేదు. మనుషుల చేత డబ్బిచ్చి కొనిపించి, తెలివిని వేరే తెచ్చుకోమనడం ఏ దేశపు మర్యాద? దుకాణానికి ఘాటైన ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

"బావగారూ, ఆ ఉత్తరం టబ్బులో వేసి చూడండి. అంత మంట మీద ఫొటో పడినా పడుతుంది" అన్నది మరదలు, కత్తెర ఆపకుండానే.

ఈలోగా నీటికోడి గాజుతీగను స్ట్రోబు నుండి ఊడదీసింది, కొసకు తడి చేరిందేమోనని. తుడిచి, ఎందుకో అలాగే ఒకసారి కెమెరా నొక్కింది. తీగ కొస మరదలి ఒడిలోని నల్లబట్ట వైపు తిరిగి ఉంది.

"అదేమిటే, రెండుసార్లు మెరిసింది?" అన్నది మరదలు. "ముందొకటి బక్కది, వెనకాల ఒకటి బలిసింది."

"మళ్లీ చూడమ్మా."

మళ్లీ నొక్కింది. అందరం నల్లబట్ట మీదికి వంగాము. బక్కది, వెంటనే బలిసినది.

నీటికోడి మెల్లగా అన్నది: "మొదటిది వెలుతురు కొలుచుకోవడానికి. ఫొటో పడేది రెండోదానికే."

అల్లుడికే ముందుగా వెలిగింది.

"అయితే ఈ దీపం మొదటి గుంజుకే లాగేస్తోందన్నమాట."

ఆమె స్ట్రోబును, భర్తను మార్చి మార్చి చూసింది. "నీ తోడబుట్టినదే."

జరుగుతున్నది అదే. స్ట్రోబు మొదటి మెరుపుకే ఉన్నదంతా వెలిగించేసి, రెండోది వచ్చేసరికి శక్తి కూడదీసుకుంటూ కూర్చుంటోంది. దాని వీపు మీద ఒక మీట ఉంది. ఒక వైపు ఒక మెరుపు గుర్తు, మరోవైపు రెండు. రెండంటే రెండుసార్లు వెలుగుతుందేమో, బ్యాటరీ దండగ అని, ఆమే దానిని ఒకటి దగ్గర ఉంచింది. మొదటి గుంజుకు కదలకూడదన్న నియమం మీద ప్రాణం పెట్టుకుని బతికే ఇంట్లో, రెండు గుర్తులంటే రెండో మెరుపు దాకా ఆగమని ఎవరికీ తట్టలేదు!

మీట తిప్పి, తీగ తగిలించి, నొక్కింది. ఈసారి తెర మీద నీలం బొత్తాం, నాలుగు రంధ్రాలతో సహా, చక్కగా కనిపించింది.

"ఇక నా బొత్తాం నాకిచ్చేయండి. ఆ చొక్కా సాయంత్రానికి ఇవ్వాలి" అన్నది మరదలు.

శనివారం ఉదయం నేనూ పడవ ఎక్కాను. ఇంజనీరు ముందే వచ్చి కూర్చున్నాడు. నీటికోడి మునిగింది. నీళ్ల మీద బుడగలు తప్ప ఏమీ లేవు. తాడు ఒకసారి బిగిసింది. అల్లుడు బదులుగా గుంజి ఊరుకున్నాడు. మెడ మీది నరం మాత్రం ఊరుకోలేదు. తాడు మళ్లీ బిగిసింది. అప్పుడు లాగాడు, నిదానంగా, పెద్దమనిషిలా.

ఇంజనీరు కెమెరా తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. స్తంభం పాదం మీద బీట అడ్డంగా, నల్లగా, నోరు తెరిచి ఉంది. పక్కనే కొలత కోసం ఆనించిన స్టీలు స్కేలు. ఒక మూల, ఎవరో తలుపు తట్టినట్లు తల బయటపెట్టి చూస్తున్న చేప.

"ఈ చేప ఎవరిదమ్మా?"

"అందులో కాపురముంటోంది సార్. మరమ్మతు చేసేముందు దానికో మాట చెప్పండి."

ఆయన నవ్వాడు. ఆ వెంటనే నవ్వు మానేసి, వంతెన మీదికి బరువు లారీలను రానివ్వవద్దని ఫోనులో చెప్పాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు. "మిగతా స్తంభాలు కూడా మీరే చూడాలి."

అల్లుడు అప్పటికే తెడ్డు అందుకుని పడవను నాలుగో స్తంభం వైపు తిప్పుతున్నాడు.

"ఆగు" అన్నది నీటికోడి, జుట్టు పిండుకుంటూ. "అది మొదటి గుంజే."

ఇంజనీరుకు అర్థం కాలేదు. అల్లుడు తెడ్డు దించాడు. నేను సంచీలోంచి తెల్లకాగితమూ కలమూ తీసి ఆయన ముందుంచాను. పడవ బల్ల మీదనే ఆయన పని ఉత్తర్వు రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

దాని నకలు నా దగ్గర ఉంది. చేప ఫొటో కూడా.